మెడలో సి6 దగ్గర వెన్నుపాము దెబ్బ తర్వాత ఊపిరి కండరాల కసరత్తు: విశాఖలో ఎనిమిది వారాలు, నా అనుభవం

జూన్ 2, సోమవారం. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో చూపించమన్నారు ఛాతీ డాక్టరుగారు. వీల్‌చెయిర్‌లో నిటారుగా కూర్చుని మొదలుపెట్టాను. పదకొండు దగ్గర గాలి అయిపోయింది. తర్వాత బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి మళ్లీ చెప్పమన్నారు. ఈసారి పదిహేను దాకా వెళ్లింది.

“పడుకుంటే కదండీ ఎవరికైనా ఆయాసం? ఈయనకేంటి ఇలా తిరగబడింది?” అని మా ఆవిడ అడిగింది.

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు ఇది ఇలాగే ఉంటుందట. పొట్ట కండరాలు పనిచేయవు కాబట్టి కూర్చోగానే పొట్టలో ఉన్నదంతా ముందుకీ కిందికీ జారుతుంది. ఊపిరి లాగే ముఖ్యమైన కండరం డయాఫ్రమ్, అది గొడుగులా పైకి పొంగి ఉంటేనే దానికి లాగే పట్టు. కింద దన్ను పోయేసరికి ఆ గొడుగు చదునైపోతుంది. పడుకున్నప్పుడు పొట్టే దాన్ని పైకి నెట్టి పెడుతుంది. డయాఫ్రమ్‌కి నరాలు మెడలో మూడు, నాలుగు, ఐదు దగ్గర్నుంచి వస్తాయి. నా దెబ్బ ఆరు దగ్గర, అంటే సి6, అందుకే అది మిగిలింది. పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు మాత్రం పోయాయి. ఊపిరి తీస్తే పొట్ట ఉబ్బుతుంది, ఛాతీ పైభాగం లోపలికి గుంటపడుతుంది. దగ్గు అనేది పేరుకే. దెబ్బ తగిలి పద్నాలుగు నెలలైంది. ఏప్రిల్‌లో ఎడమ ఊపిరితిత్తి అడుగున కఫం బిరడాలా పట్టేసి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంకోసారి అలా కాకూడదని వెళ్లాం.

వార్డులో ఇచ్చిన మూడు బంతుల డబ్బా ఏడాది నుంచి మా ఇంట్లోనే ఉంది. దాని మీద 600, 900, 1200 అని ఉంటాయి. సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల వేగంతో గాలి లాగుతున్నామో చెప్పే అంకెలవి. ఒక్క కుదుపుతో గబుక్కున లాగితే రెండు బంతులు టపీమని లేస్తాయి, పక్కనున్నవాళ్లు సంబరపడతారు. కండరం మీద మాత్రం చెప్పుకోదగ్గ బరువు పడదు. ఆపరేషన్ అయినవాళ్లకు ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి అది పనికొస్తుంది, కాదనను. బలం రావాలంటే కొలిచిన బరువు ఉండాలి, అది వారం వారం పెరగాలి. ఏడాదిపాటు నేను డంబెల్ లేకుండా చేతులూపుకుంటూ కూర్చున్నానన్నమాట. నాతోపాటు వార్డులో ఉన్న ఒకాయనైతే దాన్ని లాగడానికి బదులు ఊదేవాడు. ఎవరూ చెప్పలేదు పాపం.

డాక్టరుగారు ముందు మూడు సంగతులు అడిగారు. ఎప్పుడైనా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, చెవి కర్ణభేరికి చిల్లు ఉందా, పొట్టలో పెద్ద సిరలో ఫిల్టర్ పెట్టారా అని. మొదటి రెండూ ఉంటే బరువు మీద గాలి లాగడం ప్రమాదం. ఫిల్టర్ ఉంటే పొట్ట నొక్కి దగ్గించే పని డాక్టరు చెప్పకుండా చేయకూడదు. కాళ్లలో రక్తం గడ్డ కట్టినవాళ్లకు ఆ ఫిల్టర్ పెడుతుంటారు, చాలామందికి అది పెట్టిన సంగతే గుర్తుండదు. డిశ్చార్జి కాగితాలు పట్టుకెళ్లండి. ఫీజు 600, ఎక్స్‌రే 450. గోపాలపట్నం నుంచి నన్ను వీల్‌చెయిర్‌తో సహా తీసుకెళ్లి తీసుకొచ్చే బండికి మాత్రం ప్రతిసారీ 1,600. మొత్తం ఖర్చులో పెద్ద ముక్క అదే.

జూన్ 5న ఊపిరితిత్తుల పరీక్ష, 1,100 రూపాయలు. గది గుమ్మం దగ్గర మెట్టు. అది ఎక్కాక కుర్చీ చేతులు బల్లకి తగిలి లోపలికి దూరలేదు, గొట్టం నా నోటిదాకా రాలేదు. చివరికి కుర్చీని అడ్డంగా తిప్పి పెట్టారు. కూర్చుని ఊదితే 1.9 లీటర్లు. “పడుకుని కూడా తీయండి” అంటే, “అలా రిపోర్టు రాదు సార్” అన్నాడు అక్కడి కుర్రాడు. డాక్టరుగారికి ఫోన్ చేయించాక తీశాడు. పడుకుని 2.2, పొట్టకు బెల్టు కట్టి కూర్చుంటే 2.1. చీటీ రాయించుకునేటప్పుడే ‘కూర్చుని, పడుకుని, బెల్టుతో’ అని మూడూ రాయించుకోండి. రెండోసారి కొలిచేటప్పుడు కూడా అదే వరసలో తీయించాలి. లేకపోతే కూర్చున్నప్పటి అంకెని పడుకున్నప్పటి అంకెతో పోల్చుకుని లేనిపోని సంతోషమో దిగులో తెచ్చుకుంటాం.

అసలు కావలసిన పరీక్ష ఇది కాదు. ఇది ఎంత గాలి పడుతుందో చెబుతుంది, కండరానికి ఎంత బలం ఉందో చెప్పదు. బలం తెలియాలంటే మూసిన గొట్టంలోంచి గాలి లాగినప్పుడు ఎంత ఒత్తిడి పుడుతుందో కొలవాలి. దాన్ని సెంటీమీటర్ల నీటి ఒత్తిడిలో చెబుతారు. ఆరు చోట్లకి ఫోన్ చేశాం. ఇద్దరు “అదే పీఎఫ్‌టీ కదండీ” అన్నారు, అంటే నేను ముందు చేయించుకున్న ఊపిరితిత్తుల పరీక్షే. ఒకరు మిషన్ ఉంది గానీ చేసేవారు సెలవులో ఉన్నారన్నారు. చివరికి ఒక ఫిజియోథెరపీ విభాగంలో దొరికింది, జూన్ 16కి టైమిచ్చారు. పదకొండు రోజులు ఆగాం.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో ముందే తెలిస్తే నేను అంత బెదిరిపోయేవాణ్ని కాదు. ముక్కుకి క్లిప్పు పెడతారు. ఉన్న గాలంతా వదిలేయమంటారు. ఆపైన గొట్టంలోంచి లాగమంటారు, గాలి రాదు. రాదు అని ముందే తెలిసినా, లాగినా రాకపోయేసరికి వెంటిలేటర్ రోజులు గుర్తొచ్చి గుండె దడదడలాడింది. కనీసం ఒకటిన్నర సెకను అలా పట్టి ఉంచాలి. గొట్టానికి సూది బెజ్జమంత చిల్లు ఉంటుంది, బుగ్గలతో పీల్చి మోసం చేయకుండా. దగ్గర దగ్గరగా మూడు అంకెలు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయిస్తారు. నాకు ఏడు సార్లు పట్టింది, మధ్యలో ఒక్కో నిమిషం విశ్రాంతి. లాగడం 42, ఊదడం 36. లాగే ఒత్తిడి 80 దాటితే చెప్పుకోదగ్గ బలహీనత లేనట్టేనట. 35 వస్తే పాసే కదా అని అక్కడ నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఖర్చు 1,500.

పరికరం కొనడం ఇంకో కథ. మాకు రాసిచ్చింది ‘త్రెషోల్డ్ ఐఎంటీ’ అనే చిన్న పారదర్శక గొట్టం, గాలి లాగే కండరాల కసరత్తుకి. లోపల స్ప్రింగు మీద వాల్వు ఉంటుంది. పెట్టిన అంకెకు సరిపడా ఒత్తిడితో లాగితేనే అది తెరుచుకుని గాలి వస్తుంది, లేకపోతే బిగుసుకుని కూర్చుంటుంది. నెమ్మదిగా లాగినా జోరుగా లాగినా బరువు మారదు. కన్నం సైజు మార్చే రకాలతో చిక్కు అక్కడే, నెమ్మదిగా లాగితే బరువు తప్పించుకోవచ్చు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో అడిగితే మూడు చోట్లా మూడు బంతుల డబ్బానే తీసి చూపించారు. ఆన్‌లైన్‌లో 3,850కి ఆర్డర్ పెట్టాం. జూన్ 13న వచ్చింది. ఫిజియో మేడమ్ చేతిలోకి తీసుకుని చూసి, “ఇది ఊదే రకం సార్, పీఈపీ” అన్నారు. రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. గుర్తు ఏమిటంటే పీఈపీ మీద అంకెలు 5 నుంచి 20 దాకా, ఐఎంటీ మీద 9 నుంచి 41 దాకా ఉంటాయి. ఫొటోలో ఐఎంటీ చూపించి పీఈపీ పంపారు. తిప్పి పంపించి సరైనది తెప్పించుకునేసరికి జూన్ 21.

జూన్ 23, సోమవారం ఉదయం మొదలుపెట్టాం. మేడమ్ సోమ, బుధవారాలు ఇంటికొస్తారు, వచ్చినప్పుడల్లా 500. బరువు, అంటే గొట్టం మీద పెట్టే ఒత్తిడి అంకె, 42లో ముప్పై శాతం, 13. మొదటి వారమంతా వెల్లకిలా పడుకునే. పది ఊపిర్లు, రెండు నిమిషాలు ఆగడం, అలా మూడు విడతలు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. వారానికి ఐదు రోజులు. తిన్న గంటన్నర దాకా వద్దు. రోజు విడిచి రోజు ఉదయం మోషన్ చేయించే పని ఉంటుంది నాకు, ఆ రోజుల్లో ఉదయం ఒంట్లో ఓపిక ఉండదు. అలాంటప్పుడు ఒక్క సాయంత్రమే చేశాను.

గాలి వదలడం తీరిగ్గా, లాగడం బలంగా, ఒక్క ఊపున. వాల్వు తెరుచుకున్నప్పుడు బుస్సుమని వస్తుంది చప్పుడు. ఆ చప్పుడు ఊపిరి చివరిదాకా ఆగకుండా రావాలి. మధ్యలో తెగిందంటే బరువు ఎక్కువైందనో, పెదాల పక్కనుంచి గాలి జారుతోందనో అర్థం. చప్పుడు రాకుండానే గాలి హాయిగా వచ్చేస్తోందంటే ఎక్కడో లీకు. నాకు మొదటి రోజు ఎడమ పెదవి మూల జారింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య తొందరపడితే కళ్లు తిరుగుతాయి, మూతి చుట్టూ చీమలు పాకినట్టుంటుంది. అది బలహీనత కాదు, అతిగా గాలి వదిలేయడం వల్ల. నోట్లోంచి తీసేసి నిమిషంపాటు మామూలుగా ఊపిరి తీసుకుంటే పోతుంది.

ఎక్కడ చూసినా ‘పొట్ట మీద చెయ్యి పెట్టుకుని పైకి లేవడం గమనించండి’ అని రాస్తారు. నాకు భుజాల కిందనుంచి స్పర్శే లేదు, నా చెయ్యి పొట్ట మీద ఉందో దుప్పటి మీద ఉందో చూస్తే గానీ తెలీదు! మేడమ్ వంటింట్లోంచి ఒక నిమ్మకాయ తెప్పించి బొడ్డు పైన పెట్టారు. సరిగ్గా లాగితే అది లేచి పక్కకి దొర్లిపోవాలి. భుజాలతో, మెడ కండరాలతో లాగితే నిమ్మకాయ కదలదు. తల కింద రెండు దిళ్లు పెట్టుకుని దాన్నే చూస్తూ చేశాను. మొదటి రోజు పదిలో నాలుగుసార్లు దొర్లింది. మా అమ్మ గుమ్మంలోంచి చూసి, “ఏటిరా బాబూ, దిష్టి తీయిస్తన్నారా? అలాగైతే కాయ కోసి కుంకం పెట్టాల” అంది. శుక్రవారానికి ఎనిమిదిసార్లు దొర్లింది.

ఇంకో చిక్కు, నా వేళ్లు ముడుచుకోవు. పరికరాన్ని ఎవరైనా పట్టుకోవాలి. మా ఆవిడ పట్టుకుంటే ఆవిడ చెయ్యి అలిసిపోయి గొట్టం కిందికి వాలుతుంది, వాలగానే పెదాల దగ్గర లీకు. రెండు మణికట్ల మధ్య ఇరికించి పట్టుకోవచ్చు గానీ అప్పుడు భుజాలు బిగుసుకుంటాయి. చివరికి మంచానికి బిగించే వంకర మొబైల్ స్టాండు, 380 రూపాయలది, పని కానిచ్చింది. మొబైల్ పట్టుకునే కొక్కేల మధ్య గొట్టం సరిగ్గా కూర్చుంది. ముక్కు క్లిప్పు మాత్రం జూన్ ఉక్కలో నిమిషానికోసారి జారిపోయేది. సి6 వాళ్లకు చెమటంతా ముఖానికే పడుతుంది, కింద ఒళ్లు ఎండిపోయి ఉంటుంది. విడత మొదలుపెట్టే ముందు ముక్కు తుడిచి, క్లిప్పు స్పాంజికి చిన్న గుడ్డముక్క చుట్టాక ఆగింది.

ఎంత బరువు పెంచాలి అనేది అంకెతో కాదు, శ్రమతో తేల్చారు. సున్నా నుంచి పది దాకా ఎంత కష్టంగా ఉందో నేనే చెప్పాలి. ఐదారు మధ్య ఉంటే అదే బరువు. రెండు రోజులు వరసగా నాలుగు లోపు అంటే రెండు సెంటీమీటర్లు పెంచడం. ఎనిమిది అంటే దించడం. ఓ పాత డైరీలో రోజూ బరువు, శ్రమ, ఆక్సిజన్ శాతం మా ఆవిడ రాసేది. నా మామూలు ఆక్సిజన్ 96. అది 92కి దిగినా, జ్వరం ఉన్నా, కఫం పచ్చబడినా ఆ పూటకి బంద్.

రెండో వారం 15 బరువుతో వీల్‌చెయిర్‌లోకి మారాం, బెల్టు కట్టుకుని. 650 రూపాయల మామూలు పొట్ట బెల్టే. పడుకునే కట్టాలి, కూర్చున్నాక కడితే అప్పటికే పొట్ట జారిపోయి ఉంటుంది. పై అంచు చివరి పక్కటెముకల కిందే ఉండాలి, వాటి మీదికెక్కితే ఛాతీని బిగించేస్తుంది. కింది అంచు తుంటి ఎముకల మీదికి రావాలి. రెండు వేళ్లు దూరేంత బిగువు చాలు.

జూలై 2, బుధవారం, అదే బెల్టుతో భయపడ్డాం. రెండో విడత మధ్యలో తల పగిలిపోయేంత నొప్పి. ముఖం ఎర్రబడి, మెడ దగ్గర రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నా బీపీ మామూలుగా 95/60. చూస్తే 158/94! మేడమ్ అక్కడే ఉండటం నా అదృష్టం. కసరత్తు వల్ల బీపీ పెరిగిందేమోనని మా ఆవిడ నన్ను పడుకోబెట్టబోయింది. “వద్దు వద్దు, కూర్చోబెట్టే ఉంచండి, బెల్టు విప్పండి” అన్నారు మేడమ్. పొత్తికడుపు దగ్గర నాకు మూత్రం పైపు ఉంది. బెల్టు కింది అంచు దాన్ని మడతపెట్టేసింది. బ్యాగులో చుక్క పడటం లేదు, లోపల మూత్రాశయం నిండిపోయింది. ఛాతీ ఆరో వెన్నుపూస దగ్గర గానీ దానికి ఎగువన గానీ వెన్నుపాము దెబ్బతిన్న ఎవరికైనా ఇలాంటిది బీపీని ఎగదోస్తుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. మడత తీయగానే ఏడు వందల మిల్లీలీటర్లు దిగింది. పది నిమిషాల్లో పై బీపీ 110కి వచ్చింది. అప్పట్నుంచి బెల్టు కట్టాక పైపు మీద వేలు పెట్టి చివరిదాకా తడమడం, బ్యాగులోకి చుక్క పడటం చూడటం, ఆ తర్వాతే గొట్టం నోట్లో.

దగ్గించడం మా ఆవిడ నేర్చుకోవడానికి మొదటి రెండు వారాలు పట్టింది. లాగే కండరం ఎంత బలపడినా బయటికి నెట్టే కండరం లేనప్పుడు కఫం రాదు, ఆ నెట్టే పని ఇంకొకరి చెయ్యి చేయాలి. కుర్చీ వెనకభాగం గోడకి ఆనించి, బ్రేకులు వేసి, ఆవిడ ఎదురుగా నిలబడుతుంది. అరచేతి మడమ బొడ్డుకీ ఛాతీ ఎముక కొసకీ మధ్య ఉండాలి. ఆ కొస మీద పెట్టకూడదు, విరుగుతుంది. పక్కటెముకల మీదా వద్దు. నేను లోతుగా గాలి లాగి, ఒక్క క్షణం ఆపి, దగ్గడం మొదలుపెట్టగానే లోపలికీ పైకీ ఒక్క తోపు. మొదట్లో ఆవిడ నాకన్నా ముందే నొక్కేసేది, గాలి గొంతులోంచి కేకలా బయటికొచ్చేసేది, కఫం అక్కడే ఉండేది. ఆవిడకి నొప్పి పెడతానేమోనని భయం. “మీరు నొక్కడం లేదమ్మా, నిమురుతున్నారు” అన్నారు మేడమ్. అప్పుడు నేను “ఒకటి, రెండు” అని వేలితో కుర్చీ చేతి మీద కొట్టడం, మూడుకి ఇద్దరం కలిసి, అలా కుదిరింది. తిన్న వెంటనే ఈ పని చేస్తే తిన్నదంతా పైకొస్తుంది. ఒకసారి చూశాం.

మూడో వారం బుధవారం సింహాచలం గిరి ప్రదక్షిణ. మా వీధి చివరనుంచే జనం నడుస్తుంటారు. రోడ్లు మూసేశారు, మేడమ్ రాలేకపోయారు. బరువు మేమే 15 నుంచి 17కి పెంచుకుందామని తిప్పాం. గీతలు సన్నం, ట్యూబులైటు వెలుతురు. 21కి వెళ్లిపోయిందని మర్నాడు పొద్దున గానీ చూసుకోలేదు. బుస్సు చప్పుడు తెగిపోతూ వచ్చినా పంతం కొద్దీ మూడు విడతలూ లాగాను. ఫలితం, మెడకు రెండు పక్కలా తాళ్లలా ఉండే కండరాలు రెండు రోజులు పట్టేశాయి, తల తిప్పలేకపోయాను. డయాఫ్రమ్‌కి మించిన బరువు పడితే మెడే ఆ పని నెత్తినేసుకుంటుంది. కసరత్తు జరిగేది మెడకి. ఆ తర్వాత గొట్టం మీద ఆ వారం అంకె దగ్గర ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టేవాళ్లం.

జూలై 15 నుంచి 21 దాకా మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం. ఏడు రోజులు పోయాయి. తిరిగి మొదలుపెట్టినప్పుడు 17 కాదు, ఒక మెట్టు కిందికి దిగి 15. అప్పటిదాకా, అంటే నెలరోజులకి, నాకు తేడా ఏమీ తెలియలేదని ఒప్పుకోవాలి. దవడ నొప్పి, చొంగ, రోజుకి గంట పోవడం తప్ప ఏం మిగిలిందని విసుక్కున్నాను కూడా. మానేద్దామని ఆ వారమే అనుకున్నాను.

జూలై 28కి 19, ఆగస్టు 4కి 21, ఆగస్టు 11కి 25. విడతలు మూడు నుంచి ఐదయ్యాయి.

తేడా మొదట ఫోన్ చెప్పింది. నేను రాసేదంతా నోటితోనే, వాయిస్ టైపింగ్‌లో. జూన్‌లో ఐదారు మాటలకి ఊపిరి అందక ఆగేవాణ్ని, ఆగగానే ఫోన్ మైకు కట్టేసుకునేది. ప్రతి వాక్యం రెండు ముక్కలు. ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు పొడుగాటి మెసేజ్ ఒకటి ఆగకుండా పడిపోయింది. అప్పుడు లెక్కపెట్టి చూస్తే పద్నాలుగు దాకా వచ్చింది. ఇది రాస్తున్నదీ అలాగే.

రెండోది ఆగస్టు 8, వరలక్ష్మీవ్రతం నాడు. అమ్మ సాంబ్రాణి వేసింది, పొగ నా గదిలోకి వచ్చింది. ఇంతకుముందైతే అలాంటప్పుడు గొంతులో గరగరమంటూ అరగంట సేపు అవస్థే, చివరికి ముక్కులోంచి గొట్టం వేసి లాగాల్సి వచ్చేది. ఆ రోజు మా ఆవిడ పట్టుచీరలోనే వచ్చి రెండు తోపులు తోసింది. శనగగింజంత కఫం తువ్వాలులో పడింది. అమ్మవారికి హారతి ఆలస్యమైంది.

ఆగస్టు 20న మళ్లీ కొలిచారు. అన్నీ అదే వరసలో, అదే కుర్చీలో. లాగడం 42 నుంచి 54. ఊదడం 36 నుంచి 39, అంటే ఏమీ లేనట్టే. మేము ఊదే కండరాలకు శిక్షణ ఇవ్వలేదు, ఇవ్వడానికి నాకు మిగిలిందీ కాలర్ ఎముక కింద ఉండే ఛాతీ కండరం ముక్క మాత్రమే. బెల్టు లేకుండా కూర్చుని 1.9 లీటర్లు 2.05 అయింది. పీక్ ఫ్లో మీటరు (900 పెట్టి కొన్నాం) కి మాస్కు తగిలించి దగ్గు వేగం కూడా చూశారు. నా అంతట నేను దగ్గితే నిమిషానికి 170 లీటర్లు ఉండేది 205 అయింది, మా ఆవిడ తోస్తే 250 నుంచి 310. ఈ చివరి అంకె కోసమే నేను ఇదంతా చేసింది. 160 కన్నా తక్కువైతే కఫం బయటికి రావడం కష్టం. మామూలు రోజుల్లో 270 కన్నా తక్కువుంటే, జలుబు చేసినప్పుడు ఆ 160 కిందికి జారే ప్రమాదం ఉంటుందట. తోపుతో నేను ఆ 270 గీత దాటాను. సొంతంగా దాటలేదు, దాటతానని ఎవరూ ఆశ పెట్టలేదు కూడా. డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు, 2020లో అచ్చయిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 62 మంది మెడ దెబ్బవాళ్లు ఆరు వారాలు చేస్తే, బరువు లేని ఉత్తుత్తి పరికరం వాడినవాళ్ల కన్నా లాగే బలం సగటున 11.5 సెంటీమీటర్లు పెరిగిందని. నాకు 12.

ఖర్చు మొత్తం 25,530 అయింది. డాక్టరు ఫీజు రెండుసార్లకి 1,200, ఎక్స్‌రే 450, ఊపిరితిత్తుల పరీక్ష రెండుసార్లకి 2,200, ఒత్తిడి పరీక్ష రెండుసార్లకి 3,000, పరికరం, బెల్టు, మీటరు, స్టాండు కలిపి 5,780, మేడమ్ పదమూడుసార్లు వచ్చినందుకు 6,500, బండికి నాలుగు ట్రిప్పులు 6,400. మళ్లీ చేయాల్సి వస్తే నేను తగ్గించేది బండి ట్రిప్పులే. డాక్టరు, రెండు పరీక్షలు ఒకే రోజు పడేలా ముందే ఫోన్‌లో కుదుర్చుకుంటే రెండు ట్రిప్పులతో పోతుంది. మొదటి రెండు వారాల్లో మాత్రం ఫిజియో రావడం తగ్గించను.

పరికరాన్ని రోజూ గోరువెచ్చటి సబ్బు నీళ్లలో కడిగి, విదిలించి, గుడ్డ మీద నిలబెట్టి ఆరబెట్టాలి. మరిగించకూడదు, ప్లాస్టిక్ వంకరపోతే వాల్వు సరిగ్గా మూసుకోదు. మన ఊరి గాలి సంగతి తెలిసిందే, కిటికీ ఊచల్ని తినేసే ఉప్పు స్ప్రింగుని వదులుతుందా? తడిగా డబ్బాలో పెట్టి మూత బిగించిన రెండు రోజులకే చుట్ల మీద గోధుమరంగు చుక్కలు కనిపించాయి. ఇప్పుడు ఫ్యాను కింద ఆరాకే మూత.

ఇక నుంచి వారానికి మూడు రోజులు, రోజుకి ఒక్కసారి, 25 మీద అన్నారు. ఆగస్టు 27న వినాయక చవితి వచ్చింది. ఇంటినిండా చుట్టాలు, వీధిలో పందిరి, మైకు. నిమజ్జనం దాకా పదకొండు రోజులు గొట్టం ముట్టుకోలేదు. సెప్టెంబరు 8న కూర్చుంటే 25 మీద మొదటి విడతలో ఆరో ఊపిరికి వాల్వు తెరుచుకోలేదు. ఏడోదీ అంతే. మా ఆవిడ ఏమీ అనకుండా 21కి తిప్పి స్కెచ్ పెన్ను అందుకుంది. శుక్రవారానికి 23.